వీడియో విండో తెర దాటిపోతే... లినక్స్ కంప్యూటర్‌లో లోపం వెతికే పద్ధతి



హోసూరు వైపు నుంచి ఒక తండ్రి లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని మా దగ్గరికి వచ్చారు. పాలిటెక్నిక్ చదివే కూతురి కోసం కొన్న పాత లాప్‌టాప్ అది. అందులో లినక్స్ వేసి ఇచ్చారు. పాఠం వీడియో తెరిస్తే చాలు, బొమ్మ తెర అంచులు దాటిపోతుంది. కింద ఉండాల్సిన ఆపే బటన్ కనిపించదు. పైన మూసే గుర్తు కూడా కనిపించదు. "స్క్రీన్ పోయింది, మార్చాలంటున్నారండీ. ఈసారి వచ్చిన స్కాలర్‌షిప్ డబ్బు దీనికే పెట్టేద్దామా?" అని అడిగారు.

పెట్టాల్సిన అవసరం రాలేదు. ఒక ప్రోగ్రాములో ఒక్క టిక్ మార్కు తీసేస్తే సరిపోయింది.

ఆ టిక్ మార్కు ఎక్కడుందో ఒక్క వాక్యంలో చెప్పేయవచ్చు. కానీ రేపు మరో కంప్యూటర్‌లో ఇదే ఇబ్బందికి మరో కారణం ఉండవచ్చు. అందుకని ఈ పాఠంలో పరిష్కారాలతో పాటు కారణం కనిపెట్టే పద్ధతిని కూడా నేర్చుకుందాం. పద్ధతి వస్తే డబ్బు ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ పెట్టనక్కరలేదో మనకే తెలుస్తుంది.

ఇది చిన్న విషయం ఎందుకు కాదు?

మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో తమిళం, కన్నడం, ఒడియా, మరాఠీ లేదా ఇంగ్లీషు మాధ్యమంలో చదువుతారు. తెలుగు చదవడం కష్టమైనా వింటే అర్థమవుతుంది. అలాంటివారికి ఐఐటీ బొంబాయిలో రూపొందిన స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు బాగా ఉపయోగపడతాయి. లిబ్రే ఆఫీస్, లినక్స్, ప్రోగ్రామింగ్ వంటి అంశాలపై సుమారు పది నిమిషాల వీడియో పాఠాలవి. తెలుగుతో పాటు ఇతర భారతీయ భాషల్లో కూడా వినవచ్చు.

ఆ పాఠాలు చూడటానికి ఒక పద్ధతి ఉంది. తెరలో ఒక సగంలో వీడియో, మరో సగంలో నేర్చుకునే సాఫ్ట్‌వేర్ తెరిచి పెట్టుకోవాలి. వీడియోలో ఒక పని చూపిస్తారు. వీడియో ఆపి, ఆ పనిని పక్క విండోలో మనం చేసి చూడాలి. మళ్ళీ వీడియో నడపాలి. వీడియో విండోయే తెరనంతా మింగేస్తే చేసి చూడటానికి చోటు ఉండదు. అప్పుడు పాఠం సినిమా చూసినట్టు అయిపోతుంది, చేతికి పని రాదు. అసలు నష్టం ఇదే.

1. ముందు రెండు కొలతలు తెలుసుకోండి

కంప్యూటర్ తెర చిన్న చిన్న చుక్కలతో తయారవుతుంది. వీటిని పిక్సెల్స్ అంటారు. పాత లాప్‌టాప్‌లలో ఎక్కువగా కనిపించే తెర కొలత 1366 × 768. అంటే అడ్డంగా 1366 చుక్కలు, నిలువుగా 768 చుక్కలు. గుణిస్తే మొత్తం 10,49,088.

వీడియోకి కూడా ఇలాంటి కొలతే ఉంటుంది. ఫుల్ హెచ్‌డి వీడియో అంటే 1920 × 1080. మొత్తం 20,73,600 చుక్కలు. మన తెర మీద ఉన్నవాటికి దాదాపు రెట్టింపు. వీడియోలోని ఒక్కో చుక్కకి తెర మీద ఒక్కో చుక్క కేటాయించాలని ప్లేయర్ ప్రయత్నిస్తే విండో తెర దాటిపోక తప్పదు. పెద్ద దుప్పటిని చిన్న మంచం మీద పరిస్తే నేల మీదకి జారినట్టే.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. 1280 × 720 వీడియో 1366 × 768 తెరలో పడుతుందనుకుంటాం. వెడల్పుకి పడుతుంది. ఎత్తులో మిగిలేది 48 చుక్కలే. విండో పైన పేరు పట్టీ, దాని కింద మెనూ, అడుగున నడిపే, ఆపే బటన్లు, వీటితో పాటు డెస్క్‌టాప్ టాస్క్‌బార్ ఉంటాయి. వీటన్నిటికీ 48 చుక్కలు చాలవు. అందుకే బొమ్మ పట్టినట్టే ఉంటుంది గానీ బటన్లు తెర కిందికి పోతాయి. వెడల్పు, ఎత్తు రెండూ విడివిడిగా చూడాలి.

తెర కొలత తెలుసుకోవడానికి సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ పేజీ తెరిచి రిజల్యూషన్ అన్న చోట చూడండి. వీడియో కొలత కోసం విఎల్‌సి ప్లేయర్‌లో వీడియో నడుస్తుండగా కంట్రోల్ పట్టుకుని జె నొక్కండి. కోడెక్ ఇన్ఫర్మేషన్ విండో వస్తుంది. అందులో వీడియో రిజల్యూషన్ అన్న వరుస చూడండి. కొన్ని ఫుల్ హెచ్‌డి వీడియోలకి అక్కడే బఫర్ కొలత 1920 × 1088 అని కూడా కనిపిస్తుంది. కంగారుపడకండి. వీడియోని 16 చుక్కల గడులుగా విడగొట్టి భద్రపరుస్తారు. 1080ని 16తో భాగిస్తే శేషం వస్తుంది కాబట్టి 68 గడులకి, అంటే 1088కి పెంచుతారు. మనకి కావలసింది 1080యే.

ఈ రెండు కొలతలూ నోట్‌బుక్‌లో రాసుకోండి.

2. ప్రథమ చికిత్స

కారణం వెతకడానికి ముందు విండోని అదుపులోకి తెచ్చుకోవాలి. బటన్లు కనిపించకపోయినా కీబోర్డు మన చేతిలోనే ఉంది.

వీడియో ఆపడానికి స్పేస్ బార్ నొక్కండి. మళ్ళీ నొక్కితే నడుస్తుంది.

ఎఫ్ కీ నొక్కితే వీడియో పూర్తి తెరకి వస్తుంది. అప్పుడు బొమ్మ తెర కొలతకి తగ్గట్టు కుదించుకుంటుంది. తిరిగి మామూలు విండో కావాలంటే ఎస్కేప్ నొక్కండి.

విండో పై అంచు కనిపించనప్పుడు దాన్ని కిందికి లాగాలి. ఉబుంటు వంటి గ్నోమ్ డెస్క్‌టాప్‌లలో సూపర్ కీ, అంటే కీబోర్డు మీద విండోస్ గుర్తున్న కీ పట్టుకుని, మౌస్ ఎడమ బటన్‌తో వీడియో మధ్యలో పట్టి లాగండి. లినక్స్ మింట్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే డెస్క్‌టాప్‌లలో సాధారణంగా సూపర్ బదులు ఆల్ట్ కీ వాడాలి. ఒకటి పనిచేయకపోతే రెండోది ప్రయత్నించండి.

చాలా డెస్క్‌టాప్‌లలో ఆల్ట్ పట్టుకుని స్పేస్ నొక్కితే విండో మెనూ వస్తుంది. అందులో మూవ్, రీసైజ్, మాక్సిమైజ్ ఉంటాయి. కేడీఈ డెస్క్‌టాప్‌లో ఇదే మెనూకి ఆల్ట్, ఎఫ్3 నొక్కాలి.

ఇవన్నీ తాత్కాలికమే. తర్వాతి వీడియో తెరిస్తే ఇబ్బంది మళ్ళీ వస్తుంది. ఇక కారణం చూద్దాం.

3. అసలు ప్రశ్న: వీడియో ఒక్కటే పెద్దదా, అన్నీ పెద్దవా?

వీడియో మూసేసి ఫైళ్ళ విండో ఒకటి, అక్షరాలు టైపు చేసే ప్రోగ్రాము ఒకటి తెరవండి. అక్షరాలు, గుర్తులు మామూలు సైజులో ఉన్నాయా?

మామూలుగా ఉండి వీడియో ఒక్కటే పెద్దగా వస్తుంటే లోపం ప్లేయర్ సెట్టింగులో ఉంది. అన్నీ పెద్దవిగా కనిపిస్తుంటే లోపం తెర సెట్టింగులో ఉంది. సగం వెతుకులాట ఈ ఒక్క ప్రశ్నతో తగ్గిపోతుంది.

అదే వీడియో స్నేహితుడి లినక్స్ కంప్యూటర్‌లో సరిగా రావచ్చు. దానికీ కారణముంది. ఎంత పెద్ద విండో కావాలో ప్లేయర్ అడుగుతుంది. ఇవ్వాలా, కుదించాలా అన్నది విండో మేనేజర్ అనే వేరే ప్రోగ్రాము నిర్ణయిస్తుంది. లినక్స్‌లో డెస్క్‌టాప్‌ని బట్టి ఈ విండో మేనేజర్ మారుతుంది. కొన్ని తెరకి సరిపెట్టి ఇస్తాయి, కొన్ని అడిగినంతా ఇచ్చేస్తాయి. కాబట్టి "వాళ్ళ దాంట్లో బాగానే ఉంది, మనది పాడైంది" అని తీర్మానించకూడదు.

4. వీడియో ఒక్కటే పెద్దదైతే

విఎల్‌సి ప్లేయర్: ఇది 1996లో ఎకోల్ సాంత్రాల్ పారిస్ విద్యార్థులు తమ కళాశాల నెట్‌వర్క్‌లో వీడియో ప్రసారం కోసం మొదలుపెట్టిన ప్రాజెక్టు. 2001 నుంచి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, మార్చుకునేలా విడుదలైంది. ఈ ప్లేయర్ ప్రతి వీడియోకీ తన విండోని వీడియో సైజుకి మార్చుకునేలా ముందే అమర్చి ఉంటుంది. హోసూరు లాప్‌టాప్‌లో జరిగింది ఇదే. దాన్ని మార్చే విధానం:

(అ) టూల్స్ మెనూలో ప్రిఫరెన్సెస్ తెరవండి. కంట్రోల్, పి నొక్కినా చాలు.
(ఆ) మొదటి పేజీ ఇంటర్‌ఫేస్. అందులో "రీసైజ్ ఇంటర్‌ఫేస్ టు వీడియో సైజ్" అన్న వరుస ముందున్న టిక్ తీసేయండి.
(ఇ) సేవ్ నొక్కండి. ప్లేయర్ మూసి మళ్ళీ తెరవండి.
(ఈ) విండో అంచు పట్టుకుని మీకు కావలసినంతకి తగ్గించండి. ఇక బొమ్మ విండోలో ఇముడుతుంది. విండో బొమ్మ వెంట పెరగదు.

ఎంపీవీ ప్లేయర్: దీనికి మెనూలు దాదాపు ఉండవు. సెట్టింగులు ఒక ఫైల్లో రాయాలి. హోమ్ ఫోల్డర్‌లో చుక్కతో మొదలయ్యే కాన్ఫిగ్ అనే ఫోల్డర్ ఉంటుంది. చుక్కతో మొదలయ్యేవి మామూలుగా కనిపించవు. ఫైళ్ళ విండోలో కంట్రోల్, హెచ్ నొక్కితే కనిపిస్తాయి. దాని లోపల ఎంపీవీ ఫోల్డర్‌లో ఎంపీవీ.కాన్ఫ్ అనే ఫైలు ఉండాలి. లేకపోతే సృష్టించండి. అందులో ఈ ఒక్క వరుస రాయండి:

ఆటోఫిట్-లార్జర్=80%ఎక్స్80%

ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా టైపు చేయాలి. దీని అర్థం: విండో తెరలో 80 శాతం వెడల్పు, 80 శాతం ఎత్తు దాటితేనే కుదించు, చిన్న వీడియోల జోలికి పోకు. ఈ శాతం తెర కొలతలో శాతం, వీడియో కొలతలో కాదు. ఈ తేడా గుర్తుంచుకోండి.

5. విండో సరిగానే ఉంది, బొమ్మ తెగిపోయింది!

ఇది వేరే జబ్బు. విండో తెరలోనే ఉంటుంది గానీ మాట్లాడేవారి తల సగమే కనిపిస్తుంది, బోర్డు మీది అక్షరాలు అంచు దగ్గర తెగిపోతాయి. విఎల్‌సిలో వీడియో మెనూ తెరిచి మూడు చోట్ల చూడండి.

"ఆల్వేస్ ఫిట్ విండో" దగ్గర టిక్ ఉండాలి. అది పోతే బొమ్మ అసలు సైజులోనే ఉండిపోయి విండోలో పట్టినంతే కనిపిస్తుంది. పొరపాటున ఓ కీ నొక్కినా ఈ టిక్ పోతుంది.

జూమ్ దగ్గర ఏ సైజు ఎంచి ఉందో చూడండి. జెడ్ కీ నొక్కితే ఇది మారిపోతుంది.

క్రాప్ దగ్గర డిఫాల్ట్ ఉండాలి. సి కీ తగిలితే బొమ్మ అంచులు కోసుకుపోతాయి. కీబోర్డు మీద పుస్తకం పెట్టినా, చిన్నపిల్లలు ఆడుకున్నా జరిగే పని ఇది.

6. అన్నీ పెద్దవిగా ఉంటే

సెట్టింగ్స్‌లో డిస్‌ప్లేస్ పేజీ తెరవండి. రెండు అంశాలు చూడండి.

మొదటిది స్కేల్. అది 200 శాతంలో ఉంటే అక్షరాలు, బటన్లు రెట్టింపవుతాయి. 1366 × 768 తెర 683 × 384 చోటు మాత్రమే ఉన్నట్టు ప్రవర్తిస్తుంది. 100 శాతానికి మార్చండి. చూపు ఇబ్బంది ఉన్నవారు ఎవరైనా ఆ కంప్యూటర్ వాడుతుంటే వారిని అడిగిన తర్వాతే మార్చండి.

రెండోది రిజల్యూషన్. 800 × 600 లేదా 1024 × 768 ఉండి, జాబితాలో తెర అసలు కొలత కనిపించకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ సరిగా పనిచేయడం లేదని అనుమానించాలి. లినక్స్ వేసేటప్పుడు సేఫ్ గ్రాఫిక్స్ పద్ధతి ఎంచుకుంటే ఇలా మిగిలిపోవచ్చు. ఉబుంటులో అడిషనల్ డ్రైవర్స్, లినక్స్ మింట్‌లో డ్రైవర్ మేనేజర్ తెరిచి చూడండి. సిస్టమ్ అప్‌డేట్ చేసి ఒకసారి రీస్టార్ట్ చేయండి. అప్పటికీ మారకపోతే తెలిసినవారిని పిలవాల్సింది ఇక్కడే. పిలిచేటప్పుడు మీరు రాసుకున్న కొలతలు చెబితే వారి సమయం, మీ డబ్బు మిగులుతాయి.

ప్రొజెక్టర్ వాడిన తర్వాత ఇబ్బంది మొదలైతే కారణం అక్కడే ఉండవచ్చు. రెండు తెరల మీద ఒకే బొమ్మ చూపించే మిర్రర్ పద్ధతిలో రెండిటికీ కుదిరే కొలత ఎంచుకుంటుంది. పాత ప్రొజెక్టర్ అయితే 1024 × 768కి దిగిపోతుంది. కేబుల్ తీశాక డిస్‌ప్లేస్ పేజీలో పాత కొలత తిరిగి వచ్చిందో లేదో చూసుకోండి.

7. లోపం వెతికేవారి నాలుగు నియమాలు

ఒకటి: ఒకసారికి ఒక్క సెట్టింగు మాత్రమే మార్చండి. మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

రెండు: మార్చే ముందు పాత సెట్టింగు రాసుకోండి. పని చేయకపోతే పాతదానికి తిరిగి రండి.

మూడు: రెండు వీడియోలతో పరీక్షించండి. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అదే వీడియోని మరో ప్లేయర్‌లో కూడా తెరిచి చూడండి. అక్కడ సరిగా వస్తే తెర, ఫైలు రెండూ బాగున్నట్టే. లోపం మొదటి ప్లేయర్‌దే.

నాలుగు: అంతా గజిబిజి అయిపోతే విఎల్‌సి ప్రిఫరెన్సెస్ అడుగున రీసెట్ ప్రిఫరెన్సెస్ బటన్ ఉంది. అది నొక్కితే మొదటి స్థితికి వస్తుంది. అప్పుడు నాలుగో భాగంలో చెప్పిన టిక్ మళ్ళీ తీసేయాలి. ఇంత చిన్న విషయానికి లినక్స్ మొత్తం తీసేసి మళ్ళీ వేయకండి. దాచుకున్న ఫైళ్ళు పోయే ప్రమాదం ఉంది.

ఇబ్బంది తీరాక వీడియో విండో మీద క్లిక్ చేసి సూపర్ కీతో ఎడమ బాణం నొక్కండి. చాలా డెస్క్‌టాప్‌లలో అది తెర ఎడమ సగంలో కూర్చుంటుంది. పాఠం చెప్పే సాఫ్ట్‌వేర్‌ని సూపర్, కుడి బాణంతో కుడి సగంలో పెట్టండి. ఇక విని, ఆపి, చేసి చూడవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట

కంప్యూటర్ గురించి తెలియకపోయినా మీరు అడగగలిగిన ప్రశ్నలు రెండున్నాయి. "వీడియో ఒక్కటే ఇలా ఉందా, అన్నీ ఇలాగే ఉన్నాయా?" అన్నది ఒకటి. "వేరే ప్లేయర్‌లో చూశావా?" అన్నది రెండోది. ఈ రెండిటికీ జవాబు రాకుండా స్క్రీన్ మార్చడానికి ఒప్పుకోకండి. తెర నిజంగా పాడైతే గీతలు, మచ్చలు, వెలుగు లేకపోవడం వంటివి అన్ని ప్రోగ్రాములలోనూ, కంప్యూటర్ మొదలవుతున్నప్పుడు కూడా కనిపిస్తాయి. వీడియో తెరిచినప్పుడు మాత్రమే వచ్చే లోపం తెర లోపం కాదు.

మరో పొదుపు కూడా ఉంది. 1366 × 768 తెర మీద ఫుల్ హెచ్‌డి వీడియో చూసినా అదనపు చుక్కలు చూపించడానికి తెరలో చోటు లేదు. పాఠాలు డౌన్‌లోడ్ చేసేటప్పుడు అక్షరాలు స్పష్టంగా కనిపించే మేరకు 480 లేదా 720 ఎంచుకుంటే డేటా ఖర్చు తగ్గుతుంది.

అభ్యాసం

పేరు పట్టీ, మెనూ, బటన్లు, టాస్క్‌బార్ అన్నీ కలిపి ఎత్తులో 120 చుక్కలు తీసుకుంటాయని అనుకోండి. తెర 1366 × 768.

1. 1920 × 1080 వీడియోని ఎంత శాతానికి కుదిస్తే పూర్తిగా కనిపిస్తుంది?
2. ఫోను నిలువుగా పట్టుకుని తీసిన 1080 × 1920 వీడియోని ఎంత శాతానికి కుదించాలి?
3. 854 × 480 వీడియోని కుదించాలా?
4. విండో తెరలోనే ఉంది, బోర్డు మీది అక్షరాలు మాత్రం అంచున తెగిపోతున్నాయి. మొదట ఎక్కడ చూస్తారు?

జవాబులు: 1. ఎత్తులో మిగిలేది 648. దాన్ని 1080తో భాగిస్తే 60 శాతం. వెడల్పు 1152 అవుతుంది, తెరలో పడుతుంది. 2. 648ని 1920తో భాగిస్తే 33.75. కాబట్టి 33 శాతం. 3. అక్కరలేదు. 480కి 120 కలిపితే 600, అది 768 లోపే. 4. వీడియో మెనూలో ఆల్వేస్ ఫిట్ విండో, జూమ్, క్రాప్.

ముందు కొలత, తర్వాత ప్రశ్న, ఆ తర్వాత ఒక్క మార్పు. ఈ వరుస వీడియోకే కాదు, ప్రింటరుకి, నెట్‌కి, రేపు మీరు చేసే ఉద్యోగానికి కూడా పనికొస్తుంది. ఇంట్లో ఒకరు నేర్చుకుంటే పక్కింటి పిల్లలకి కూడా చూపించమని మనవి.